పిక్కలు కొనుక్కోవచ్చు, పిక్కబలం కొనుక్కోలేం



పోస్ట్ కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ముఖ్యంగా జిమ్‌కి వెళ్తున్న తమ్ముళ్లు, కానిస్టేబుల్ ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్లు చదవాలి. ఇది మా ఇంట్లో జరిగిన విషయం. పేరు, ఊరు రాయనని తమ్ముడికి మాటిచ్చి, వాడిని అడిగే రాస్తున్నా.

మొన్న ఎండాకాలం. రాత్రి పదకొండు దాటింది. సిటీలో కోచింగ్ తీసుకుంటున్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఒక యాభై వేలు సర్దుతావా? నాయనకు మాత్రం చెప్పకు."

ఎందుకురా అంటే చెప్పడు. గట్టిగా అడిగితే "కాళ్లకు ఆపరేషన్ అన్నా" అన్నాడు. నా గుండె జారిపోయింది. ఏ యాక్సిడెంటో అయ్యిందనుకున్నా.

"యాక్సిడెంట్ కాదన్నా. పిక్కలు పెట్టించుకుంటా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు వచ్చింది. నవ్వాను కూడా. ఆ నవ్వు గురించి తర్వాత చెప్తా. ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం అదే.

ముందు ఆ ఆపరేషన్ ఏందో చెప్పుకుందాం. చాలామందికి ఆడవాళ్ల రొమ్ములకు సిలికాన్ పెడతారని తెలుసు. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఇద్దరు డాక్టర్లు మొదటిసారి సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు పెట్టారు. మగవాళ్లకూ ఇలాంటివి ఉన్నాయి. ఛాతీకి, భుజానికి, చేతి కండకి, పిరుదులకి, పిక్కలకి పెడతారు. మగవాళ్ల కండల కోసం వాడేది ఎక్కువగా జెల్ కాదు, మెత్తటి రబ్బరులా ఉండే గట్టి సిలికాన్ దిమ్మ. పిక్కలకైతే మోకాలి వెనక మడతలో కోసి, కండ మీద ఉండే పొర కింద సందు చేసి, అందులోకి దూరుస్తారు. ఛాతీకైతే చంక దగ్గర కోసి ఛాతీ కండ కిందికి తోస్తారు. పైన కుట్లు వేస్తారు. వాపు తగ్గాక చూస్తే కండ పెరిగినట్టే కనిపిస్తుంది.

కనిపిస్తుంది, అంతే. ఆ దిమ్మకు నరం లేదు, రక్తం లేదు. అది ముడుచుకోదు, సాగదు, బరువు ఎత్తదు, పరిగెత్తదు. మన కండ ఎంత పని చేసేదో అంతే చేస్తుంది. మీదనుంచి ఇంకో బరువు మోస్తుంది.

అలాగని ఈ ఆపరేషన్‌నే తిట్టడం నా ఉద్దేశం కాదు. ఇది మొదలైంది నిజమైన అవసరం నుంచే. 1970ల చివర్లో పిక్క ఇంప్లాంట్ల గురించి డాక్టర్లు రాసినప్పుడు, పోలియో వల్లనో, పుట్టుకతో వంకర పాదం వల్లనో ఒక కాలు సన్నబడిపోయినవాళ్లే వాళ్ల ముందున్న పేషెంట్లు. పోలాండ్ సిండ్రోమ్ అని ఒకటుంది. పుట్టుకతోనే ఒకవైపు ఛాతీ కండ ఉండదు. లండన్‌లో ఆల్ఫ్రెడ్ పోలాండ్ అనే ఆయన 1841లో దాని గురించి రాశాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. అలాంటి మనిషి చొక్కా విప్పి చెరువులో దిగాలని కోరుకుంటే, దానికి ఆపరేషన్ సాయపడితే, మనం సంతోషించాలి. కాలిన గాయాలు, యాక్సిడెంట్లు, క్యాన్సర్ తర్వాత చేసే ఆపరేషన్లు కూడా అంతే. మన గ్రూపులో అలాంటివాళ్లు ఉంటే, ఈ పోస్ట్ మీ మీద కాదు.

నా బాధ వేరే. మా తమ్ముడి కాళ్లకు ఏ లోపమూ లేదు. వాడు ఆ కాళ్లతోనే చిన్నప్పుడు మూడు కిలోమీటర్లు నడిచి ఆశ్రమ పాఠశాలకు వెళ్లాడు. ఆ కాళ్లతోనే తునికాకు కట్టలు మోశాడు. వాడి కాళ్లల్లో లోపం ఉందని వాడికి చెప్పింది ఎవరు?

మొదట జిమ్‌లో చెప్పారంట. "పైన సింహం, కింద కొంగ" అన్నారంట. తర్వాత ఫోన్‌లో వీడియోలు. ఒకటి చూస్తే అలాంటివే వంద వచ్చాయి. ఆ వీడియోల కింద ఒక క్లినిక్ ప్రకటన. దాంట్లో ఉన్న నంబర్‌కి మెసేజ్ పెడితే అరగంటలో ఒక మేడమ్ ఫోన్ చేసింది. రెండు కాళ్లకూ కలిపి రెండున్నర లక్షలు. డబ్బు లేకపోయినా పర్లేదు, ఈఎంఐ ఉంది. ఇరవై వేలు అడ్వాన్స్ కట్టేశాడు. ఆ ఇరవై వేలు కోచింగ్ ఫీజు కోసం చిన్నాన్న పంపినవి.

వాడి ఇంకో ఆలోచన ఏందంటే, ఈవెంట్స్‌లో కాళ్లు గట్టిగా కనిపిస్తే సెలక్షన్ అవుతుందని. దీని గురించి క్లియర్‌గా చెప్పుకుందాం. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ రిక్రూట్‌మెంట్‌లో మగవాళ్లకు ఎత్తు 167.6 సెం.మీ., ఛాతీ 86.3 సెం.మీ., ఊపిరి పీలిస్తే 5 సెం.మీ. పెరగాలి. ఏజెన్సీ ప్రాంత ఎస్టీలకు ఎత్తు 160, ఛాతీ 80, పెరుగుదల 3 సెం.మీ. ఉంటే చాలు. పిక్కల కొలత ఎక్కడా లేదు. ఛాతీ దగ్గర కూడా చూసుకోండి, ఊపిరి పీలిస్తే పెరగాలి అంటున్నారు. అది పక్కటెముకలు, ఊపిరితిత్తుల పని. సిలికాన్ దిమ్మ ఊపిరి పీల్చదు. ఇక 1600 మీటర్లు పరిగెత్తించేటప్పుడు వాళ్ల చేతిలో ఉండేది స్టాప్‌వాచ్. అది నీ కాళ్ల షేపు చూడదు.

ఇంకో మాట. సన్నటి పిక్కలు పరుగుకు చెడ్డవి కావు. మారథాన్‌లు గెలిచే కెన్యా వాళ్లను చూడండి. చాలామంది కలెంజిన్ అనే తెగల సమూహం వాళ్లు. వాళ్ల పిక్కలు సన్నగా ఉంటాయి. కాలి చివర బరువు తక్కువ ఉంటే ప్రతి అడుగుకీ కాలు ముందుకు విసరడానికి శక్తి తక్కువ ఖర్చవుతుంది. చేతికర్ర చివర రాయి కట్టి ఊపి చూడండి, మీకే తెలుస్తుంది. 2019లో వియన్నాలో 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని రెండు గంటల లోపు పరిగెత్తిన ఎలియుడ్ కిప్చోగె ఆ కలెంజిన్‌లలోని నంది తెగ మనిషే. ఆయన కాళ్లు మన జిమ్‌లో చూపిస్తే "కొంగ" అనేవాళ్లేమో.

తమ్ముడిని తీసుకుని నేనే ఆ క్లినిక్‌కి వెళ్లాను. ఏసీ రూమ్, గాజు బల్ల. మేడమ్ మర్యాదగానే మాట్లాడింది. "చాలా సింపుల్ ప్రొసీజర్ సార్, మరుసటి రోజే నడుస్తారు" అంది. రిస్కులు ఏమైనా ఉన్నాయా అని అడిగితే "ఏ ఆపరేషన్‌కైనా చిన్న చిన్నవి ఉంటాయి కదా సార్" అంది.

ఆ చిన్న చిన్నవి ఏందో నేను చెప్తా. ఇన్ఫెక్షన్ రావచ్చు. వస్తే చాలాసార్లు ఆ దిమ్మను తీసేయడం తప్ప దారి ఉండదు. లోపల రక్తమో నీరో చేరవచ్చు. దిమ్మ పక్కకి జరిగి, అంచు బయటికి కనిపించవచ్చు. దాని చుట్టూ మన శరీరం కట్టుకునే పొర బిగుసుకుపోయి నొప్పి పెట్టవచ్చు. నరం దెబ్బతిని చర్మం మొద్దుబారవచ్చు. పిక్కల్లో అరుదుగా లోపల ఒత్తిడి పెరిగిపోయి కండకు రక్తం అందకుండా పోతుంది. అప్పుడు గంటల్లో మళ్లీ కోసి ఒత్తిడి తగ్గించకపోతే కండ చచ్చిపోతుంది. అంతా బాగా జరిగినా కొన్ని వారాలు పరుగు బంద్. ఈవెంట్స్ ముందున్న పిల్లాడికి ఆ వారాలు ఎంత విలువైనవో మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మనోళ్ల సంగతి వేరుగా ఆలోచించండి. సిటీలో ఉండేవాడికి రాత్రి కాలు వాచిపోతే ఆటో ఎక్కి అరగంటలో డాక్టర్ దగ్గర ఉంటాడు. మా ఊళ్లో వానాకాలం వాగు పొంగితే పురిటి నొప్పులొచ్చిన ఆడబిడ్డనే డోలీ కట్టి మోస్తాం. పిక్కలో చీము పట్టిందని ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి డోలీలో ఎన్ని కిలోమీటర్లు మోయాలి? అక్కడికి పోయాక ఆ దిమ్మ తీయడానికి మళ్లీ ఎంత కట్టాలి? మామూలు ఆరోగ్య బీమాల్లో అందం కోసం చేయించుకున్న ఆపరేషన్‌కి డబ్బులు రావు.

నాకు ఇంకా భయమేసిన విషయం ఇంకొకటి. నేను అడిగాను, "మేడమ్, మా తమ్ముడికి సికిల్ సెల్ టెస్ట్ చేశారా?" ఆవిడ నా వైపు వింతగా చూసింది. అడ్వాన్స్ తీసుకున్నారు, కాళ్లు కొలిచారు, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశారు. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. మా చిన్నాన్న పెద్దకూతురికి సికిల్ సెల్ ఉంది. ఆ పిల్ల నొప్పులతో ఎన్ని రాత్రులు ఏడ్చిందో మేం చూశాం.

మిత్రులారా, ఇది మన ఇంటి జబ్బు. దేశంలో గిరిజనుల్లో ప్రతి 86 కాన్పుల్లో ఒక బిడ్డకు సికిల్ సెల్ ఉంటుందని కేంద్ర ప్రభుత్వమే చెప్తోంది. 2023 జులైలో దీనికోసం జాతీయ మిషన్ కూడా మొదలుపెట్టారు. ఈ జబ్బు ఉన్నవాళ్లకు మత్తు ఇచ్చినప్పుడు ఆక్సిజన్ తగ్గినా, ఒంట్లో నీరు తగ్గినా, చలి పట్టినా ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి నాళాల్లో ఇరుక్కుంటాయి. ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ముందే తెలిస్తే డాక్టర్లు సెలైన్, ఆక్సిజన్, అవసరమైతే రక్తం ఎక్కించి జాగ్రత్తగా చేస్తారు. క్యారియర్ మాత్రమే అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు, కానీ మత్తు డాక్టర్‌కి చెప్పాల్సిందే. పిక్కల ఆపరేషనే కాదు, ఏ ఆపరేషన్‌కి వెళ్లినా మన పిల్లలు ఈ మాట ముందు చెప్పాలి. ఈ పోస్ట్‌లో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

తర్వాత తమ్ముడికి టెస్ట్ చేయించాం. క్యారియర్ అని వచ్చింది.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. మన ఒంటిని కొలవడం ఈనాటిది కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఎడ్గార్ థర్‌స్టన్ అనే తెల్లదొర ఉండేవాడు. దక్షిణ భారతంలో కులాలు, తెగల మనుషుల తలలు, ముక్కులు, ఎత్తులు పరికరాలతో కొలిచాడు. 1909లో ఏడు సంపుటాల పుస్తకం వచ్చింది. అందులో మన కోయల గురించీ ఉంది. ఇంకో దొర, హెర్బర్ట్ రిస్లీ, ముక్కు వెడల్పును బట్టి ఎవరు పైన, ఎవరు కింద అని లెక్కలు కట్టాడు. మన ముక్కు వెడల్పు కాబట్టి మనం కింద. అదీ వాళ్ల సైన్సు.

థర్‌స్టన్ తన పుస్తకంలో ఒక సంగతి రాసుకున్నాడు. ఆయన వాయనాడ్ వెళ్తే అక్కడి పణియ ఆడవాళ్లు హడలిపోయారంట. తమలో మంచి మనుషుల్ని ఏరి, లోపల కూరి, మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని అనుకున్నారంట. ఆయన దాన్ని నవ్వులాటగానే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఆడవాళ్లకు చదువు లేదు గానీ, మన ఒంటిని వస్తువులా చూసే మనిషిని చూడగానే గుర్తుపట్టారు. నూరేళ్లు దాటాక, డిగ్రీ చదివిన మనం ఈఎంఐ కట్టి మరీ లోపల కూరించుకోవడానికి వెళ్తున్నాం. అప్పుడు టేపు దొర చేతిలో ఉంది. ఇప్పుడు మన చేతికే ఇచ్చారు. మనమే కొలుచుకుంటున్నాం, మనమే తక్కువ అని రాసుకుంటున్నాం.

కొందరు అంటారు, "నా ఒళ్లు నా ఇష్టం, నీకేంటి?" నిజమే. పెద్దవాడివి, నీ ఇష్టం. మన అవ్వలూ ఒంటి నిండా పచ్చబొట్లు పొడిపించుకున్నారు. సూదులతో, నొప్పి ఓర్చుకుని. ఒంటిని మార్చుకోవడం మనకు కొత్త కాదు. కానీ ఒక తేడా చూడండి. అవ్వకు పచ్చబొట్టు పొడిచినామె అవ్వతో "నీ చెయ్యి బాగోలేదు, అందుకే ఇది" అనలేదు. ఆ గుర్తు ఆమెను తనవాళ్లలో కలిపింది. ఈ వ్యాపారం మొదటి మాటే "నువ్వు బాగోలేవు" అని. ఇష్టం అనేది పూర్తి సంగతి తెలిసినవాడికే ఉంటుంది. సగం దాచిపెట్టి సంతకం చేయించుకుంటే అది ఇష్టం కాదు.

ఇక జిమ్‌లలో చవకగా దొరికే దారుల గురించి. ఇంప్లాంట్‌కి లక్షలు లేనివాడికి సింథాల్ అనే నూనె ఇంజెక్షన్ చూపిస్తారు. అది ఎక్కువ భాగం నూనె, కొంచెం మత్తు మందు, కొంచెం ఆల్కహాల్. కండలోకి ఎక్కిస్తే ఉబ్బుతుంది. ఇంప్లాంట్ అయినా తీసేయొచ్చు. ఈ నూనె కండ పోగుల మధ్యకి పాకిపోతే పూర్తిగా తీయడం కష్టం, కండతో కలిపి కోయాల్సి వస్తుంది. రక్తనాళంలోకి పోతే ఊపిరితిత్తులకు ఎక్కుతుంది. బ్రెజిల్, రష్యాల్లో దీనివల్ల చేతులు పాడైనవాళ్ల కథలు పేపర్లలో వచ్చాయి. స్టెరాయిడ్ల సంగతి సరేసరి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు అవి. ఎవడైనా "అన్నా, ఒక కోర్సు వేసుకో" అంటే ఆ జిమ్ మానేయండి.

ఇవన్నీ విన్నాక కూడా ఆపరేషన్ చేయించుకోవాలనే ఉంటే, కనీసం ఇవి అడగండి:

1. కోసే డాక్టర్ ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ చేశారా? రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకుని మెడికల్ కౌన్సిల్ లిస్టులో చూడండి. ఫోన్‌లో మాట్లాడే మేడమ్ డాక్టర్ కాదు.

2. ఏ కంపెనీ ఇంప్లాంట్? దాని బ్యాచ్ నంబర్ స్టిక్కర్ నా చేతికి ఇస్తారా? ఫ్రాన్స్ లాంటి దేశంలోనే పీఐపీ అనే కంపెనీ వైద్యానికి వాడకూడని ఫ్యాక్టరీ సిలికాన్‌తో రొమ్ము ఇంప్లాంట్లు చేసి అమ్మింది. 2010లో బయటపడింది. ప్రపంచమంతా లక్షలమంది ఆడవాళ్ల ఒంట్లో అవి ఉన్నాయి. 2013లో కంపెనీ యజమానికి నాలుగేళ్ల జైలు శిక్ష పడింది.

3. నా సికిల్ సెల్ రిపోర్ట్ మత్తు డాక్టర్ చూశారా? ఈ టెస్ట్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు మిషన్ కింద ఉచితంగా చేస్తున్నారు.

4. తేడా వస్తే తీయడానికి ఎంత? అది ఎవరు కట్టాలి? కాగితం మీద రాసిస్తారా?

5. ప్రతి రసీదూ దాచుకోండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

ఇప్పుడు నా నవ్వు సంగతి.

క్లినిక్ నుంచి వచ్చాక తమ్ముడు ఒక మాటన్నాడు. "అన్నా, ఆగస్టు తొమ్మిదిన మన ఆదివాసీ దినోత్సవం ఫోటోలు గ్రూపులో పెట్టారు, గుర్తుందా? నేను గోచీ కట్టి కొమ్ము డ్యాన్స్ చేసిన ఫోటో. దాని కింద ఏమేం రాశారో ఒకసారి చూడు."

చూశాను. "కొంగ దిగింది రో." "కాళ్లా అగ్గిపుల్లలా." "గాలొస్తే ఎగిరిపోతాడు." అన్నీ మనోళ్లే. వాటి కింద నవ్వు బొమ్మలు ముప్పై పైనే. అందులో ఒకటి నాది.

జిమ్‌లోవాళ్లు అన్నది వాడు మర్చిపోయేవాడేమో. మనం అన్నది మర్చిపోలేదు. తన పండగ రోజు, తన వేషంలో, తన వాళ్ల మధ్య ఉన్నప్పుడు కూడా వాడి కాళ్లు తక్కువైనాయి. ఆ క్లినిక్‌కి దారి చూపించింది మనమే.

కాబట్టి ఈ గ్రూపు అడ్మిన్ అన్నలకు, అక్కలకు నా విన్నపం. ఒంటి మీద వేసే జోకులు ఇక్కడ ఆపేద్దాం. నలుపు, పొట్టి, సన్నం, ముక్కు, పళ్లు, ఏదైనా. ఆడపిల్లల ఫోటోల కింద "ఏ క్రీమ్ వాడతావ్" అని అడిగేవాళ్లకూ ఇదే మాట. బయటివాళ్లు అంటే గొడవ పెట్టుకుంటాం, మనం అంటే సరదా అంటాం. ఇదేం న్యాయం?

కొలవాలనే ఉంటే కొలవాల్సినవి చాలా ఉన్నాయి. హాస్టల్‌లో వారానికి ఎన్ని గుడ్లు పెట్టాలి, ఎన్ని పెడుతున్నారు? గ్రౌండ్ ఉందా? పీఈటీ పోస్టు ఎన్నేళ్లుగా ఖాళీ? పదో తరగతి ఆడపిల్లల్లో రక్తం ఎంతుంది? ఆ టేపు తీసుకుని ఐటీడీఏ ఆఫీసుకి పోదాం. మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులంలో చదివిన గిరిజన పిల్ల. ఆ పిల్లకు ఎవరో భువనగిరి గుట్ట మీద తాడు కట్టి ఎక్కడం నేర్పారు, తిండి పెట్టారు, నమ్మారు. మన పిల్లలకు కావాల్సింది అదీ.

తమ్ముడు ఆపరేషన్ వాయిదా వేశాడు. మానేశానని చెప్పలేదు, వాయిదా అన్నాడు. అడ్వాన్స్ ఇంకా తిరిగి రాలేదు, తిరుగుతున్నాం. నా మీద కోపంతో పది రోజులు మాట్లాడలేదు. "నీకు పిక్కలున్నాయి కాబట్టి ఎన్నైనా చెప్తావ్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పోయిన వారం మాత్రం పొద్దున్నే ఒక ఫోటో పంపాడు. కాళ్ల ఫోటో కాదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఫోటో. 1600 మీటర్ల టైమ్. ముందుకన్నా 22 సెకన్లు తగ్గింది.

ఆ పాత ఫోటో కింద నా నవ్వు బొమ్మ తీసేశాను. మీరూ ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోండి.

జోహార్.